సర్కారు వారి లేడీ అరబెల్లా

లేడీ అరబెల్లా అనే సర్కారు ఓడ కెల్డన్ దీవికి ఏడాదికి రెండుసార్లు రావాలని నిబంధన. మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి. కెజియా థాకర్ ఆ దీవిలో కాపురం పెట్టిన ఆరేళ్ళలో అది చెప్పిన నెలలో వచ్చింది ఒక్కసారే. అదీ గాలి తప్పించుకోడానికి తలదాచుకుందామని వచ్చింది గాని వీళ్ళ మీద ప్రేమతో కాదు.

కెజియా మొగుడు ఎనోక్ ఆ దీవిలో దీపస్తంభం కాపలాదారు. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న జలసంధిలో, గాలి ఎప్పుడూ పడమటి నుంచి మొహం మీద కొట్టే చోట, ఓ రాతి గుట్ట మీద ఆ దీపం. దాని కింద రెండు గదుల ఇల్లు, బంగాళాదుంపల మడి, పది కోళ్ళు. మనుషులు ముగ్గురు: ఎనోక్, కెజియా, వాళ్ళ పనికి సర్కారు ఇచ్చిన ఖైదీ టోబియాస్ రిగ్. టోబియాస్‌కు యాభై దాటాయి. ఎప్పుడో ఇంగ్లండులో గొర్రెను దొంగిలించి ఇంత దూరం వచ్చిపడ్డాడు. ఆ గొర్రె ఎలా ఉండేదో కూడా ఇప్పుడతనికి జ్ఞాపకం లేదు.

లేడీ అరబెల్లాను కట్టింది టోబియాస్ లాంటి ఖైదీలే. పద్నాలుగేళ్ళ కిందట, పడమటి తీరపు ఖైదీల శిబిరంలో, నడుముల్లోతు చన్నీళ్ళలో నిలబడి కట్టారు. దానికి గవర్నరు గారి భార్య పేరు పెట్టారు. ఆవిడ ఓడ దింపిన రోజున గొడుగు కింద నిలబడి ఆనవాయితీ ప్రకారం ఓడ ముక్కుకు ఒక సారా సీసా కొట్టి పగలగొట్టి వెళ్ళిపోయింది. కట్టినవాళ్ళకు ఆ పూట అదనంగా ఒక గరిటె గంజి పోశారు.

"చెక్క మంచిదేనమ్మా," అనేవాడు టోబియాస్, ఓడ ప్రస్తావన వచ్చినప్పుడల్లా. "దూలాలు నా చేత్తో చెక్కాను. ఎక్కే ప్రబుద్ధులతోనే చిక్కంతా."

ఎక్కే ప్రబుద్ధుల్లో ఆఖరివాడు కెప్టెన్ మార్మడ్యూక్ ఫెన్విక్. ఎవరో పెద్ద దొరకి మేనల్లుడట. నీలం కోటు, తెల్లటి చేతి తొడుగులు. దీవి రేవులో కాలు పెట్టగానే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొనేవాడు. కెజియాకు పేరుందని ఎప్పుడూ అనుకున్నట్టు లేదు. "ఏయ్, దీపమావిడా," అని పిలిచేవాడు.

ఆ సెప్టెంబరు విడతకు ఓడ ఇరవై రోజులు ఆలస్యంగా, అక్టోబరులో వచ్చింది. ముప్ఫై పీపాల తిమింగలం నూనె దించాల్సింది, పద్నాలుగు దించి పడవలు వెనక్కు తిప్పారు. కెజియా రేవు రాళ్ళ మీద నిలబడి చూస్తూనే ఉంది. ఓడ మీద వేటకుక్కలు మొరుగుతున్నాయి. గవర్నరు గారి అతిథులు పక్క దీవికి కంగారూల వేటకు పోతున్నారు. డెక్కు నిండా గుడారాలు, మడత కుర్చీలు, సారా పెట్టెలు.

"మిగతా నూనేది కెప్టెన్ గారూ?" అని అడిగింది.

"చోటు లేదు. వచ్చే విడత తెస్తాం."

"కుక్కలకు చోటుందే?"

ఫెన్విక్ ఆమెను ఎగాదిగా చూశాడు. ఎనోక్ వైపు తిరిగి, "నీ పెళ్ళాన్ని కాస్త అదుపులో పెట్టుకోవయ్యా," అని పడవెక్కాడు.

ఎనోక్ నెమ్మదైన మనిషి. గట్టిగా మాట్లాడితే దీపం ఆరిపోతుందన్నట్టు మాట్లాడేవాడు. "పోనీలేవే, మార్చిలో తెస్తానన్నాడుగా," అన్నాడు.

"వాడు మార్చి అంటే నువ్వు నమ్మావు చూడు, అందుకే నిన్ను ఈ గుట్ట మీద పెట్టారు," అంది కెజియా.

మార్చి వచ్చింది, ఓడ రాలేదు. పిండిలో పురుగులు పడ్డాయి. జల్లించి రొట్టెలు కాల్చుకున్నారు. ఏప్రిల్ మొదటి వారానికి ఆఖరి నూనెపీపా అడుగు కనబడింది. దీపంలో పన్నెండు వత్తులు, రాత్రంతా వెలగాలి. ఆరు వత్తులతో సరిపెడదామా అని ఎనోక్ ఆలోచించాడు. ఆరు వత్తుల వెలుగు రాళ్ళ వరుస దాటి పోదు. రాళ్ళ వరుస అంటే దీవికి నైరుతిలో నీళ్ళ కింద దాగి ఉన్న పళ్ళలాంటి రాళ్ళు. ఆ దీపం పెట్టిందే వాటి కోసం.

దారి చూపించింది టోబియాస్. దీవి నిండా గుంతల్లో గూళ్ళు కట్టుకొనే నల్ల సముద్రపు పిట్టలు ఉంటాయి. ఏప్రిల్‌లో వాటి పిల్లలు తల్లుల కంటే లావుగా, తిత్తుల్లా కొవ్వుపట్టి ఉంటాయి. ముగ్గురూ గుంతల్లో భుజం దాకా చెయ్యి పెట్టి వాటిని లాగారు. గుంతలో ఒక్కోసారి పిట్ట బదులు పాము తగిలేది. మాంసం ఉప్పులో వేశారు, కొవ్వు పెద్ద బాండీలో కాచారు. మూడు వారాల పాటు ఆ కంపు జుట్టులో, దుప్పట్లో, చివరకు టీ నీళ్ళలో కూడా. ఆ నూనె వెలిగేది గాని పొగచూరేది. అరగంటకోసారి మెట్లెక్కి, దీపం చుట్టూ ఉన్న అద్దాలు తుడవకపోతే మసి కమ్ముకొనేది. ముగ్గురూ వంతులు వేసుకొని తుడిచారు. ఒక్క రాత్రి కూడా పన్నెండు వత్తుల్లో ఒక్కటీ తగ్గలేదు.

మే మూడో వారంలో, పొద్దు కుంకే వేళకు, నైరుతిలో తెరచాపలు కనబడ్డాయి.

"వస్తోందే మహారాణి," అంది కెజియా.

టోబియాస్ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. "అటేంటమ్మా వస్తోంది? చుట్టు తిరిగి తూర్పు నుంచి రావాలిగా."

చుట్టు తిరిగితే ఇంకో మూడు గంటలు పడుతుంది. కెప్టెన్ గారికి భోజనం వేళకు లంగరు వెయ్యాలని ఉంది. ఈ సంగతి తర్వాత ఓడ వంటవాడు చెప్పాడు. కెప్టెన్ అడ్డదారిన, రాళ్ళ వరుసకూ దీవికీ మధ్యనుంచి దూరి వచ్చేద్దామనుకున్నాడు. సరంగు జేబెజ్ రెండుసార్లు వద్దన్నాడట. మూడోసారి అంటే గొలుసులు వేయిస్తానన్నాడట ఫెన్విక్.

పైన పన్నెండు వత్తులూ వెలిగి గంట గడిచాక, ఓడ రాళ్ళ మీదకెక్కింది. ఆ చప్పుడు గుట్ట మీదకు వినిపించింది. టోబియాస్ కిందకూర్చొని రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"పద టోబీ," అన్నాడు ఎనోక్. అతను అంత గట్టిగా మాట్లాడగా కెజియా ఎప్పుడూ వినలేదు. "పడవ దించుదాం. కెజియా, నువ్వు పైకెక్కు. అద్దం మసిబారనియ్యకు. వాళ్ళకిప్పుడు ఆ వెలుగొక్కటే దారి."

ఇద్దరూ రేవుకు పరుగెత్తారు. ఆమె ఎనభై ఆరు మెట్లెక్కి గుడ్డ చేతిలోకి తీసుకొంది. అరగంటకోసారి కాదు, చెయ్యి ఆపకుండా తుడిచింది.

లేడీ అరబెల్లాకు రెండు పడవలు. మొదటి పడవలో మొదట దిగినవాడు కెప్టెన్. మంచి తెడ్లవాళ్ళను నలుగురిని తనతో తీసుకొని, దీపం వెలుగునే చూసుకుంటూ సందులోంచి రేవుకు చేరాడు. బూట్లు తడవలేదు. రెండో పడవలో పదకొండు మంది, సగం నీళ్ళు. దాన్ని అలలు మళ్ళీ రాళ్ళ వైపే లాగుతుంటే ఎనోక్, టోబియాస్ పోయి తాడు వేశారు. తాడు కట్టేటప్పుడు రెండు పడవలూ ఒకదానికొకటి గుద్దుకున్నాయి. మధ్యలో ఎనోక్ కుడి చెయ్యి పడింది.

పదకొండు మందీ బతికారు. తెల్లారాక కెజియా మొగుడి చేతి కట్టు విప్పి చూసింది. మూడు వేళ్ళు నుజ్జయిపోయాయి. సరంగు జేబెజ్ కాస్త వైద్యం తెలిసినవాడు. వేడి కత్తితో అతనే తీసేశాడు. ఎనోక్ తోలు పటకా కొరికిపట్టి ఉన్నాడు, కేక పెట్టలేదు. పక్క గదిలో, వాళ్ళ మంచం మీద, కెప్టెన్ ఫెన్విక్ నిద్రపోతున్నాడు.

తొమ్మిది రోజులు ఆ పదహారు మందికీ కెజియా వండిపెట్టింది. శీతాకాలానికి దాచుకున్న దుంపలు, ఉప్పు పిట్టలు, కోళ్ళలో ఆరు. నావికులు తలలు వంచుకొని తిని, "చల్లగా ఉండండి అమ్మగారూ," అనేవాళ్ళు. కెప్టెన్ మాత్రం మొదటి ముద్దకే మొహం చిట్లించాడు.

"ఇదేంటి, దీపం నూనెలో వండావా?"

"దీపాన్నే మీ కూరలో వెలిగించాను కెప్టెన్ గారూ. మీరు నూనె తేలేదుగా, రెండింటికీ పిట్టొక్కటే."

నావికులు ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకున్నారు. ఒకడి భుజాలు కదిలాయి. ఫెన్విక్ పళ్ళెం పక్కకు నెట్టాడు గాని, అరగంట తర్వాత ఎవరూ చూడటం లేదనుకొని మళ్ళీ దగ్గరకు లాక్కున్నాడు. గడప దగ్గర్నుంచి చూసిన కెజియాకు, కనీసం ఆకలితో మాడి పౌరుషం నిలబెట్టుకునే పాటి మనిషి కూడా కాడే వీడు అనిపించింది.

పదోరోజున సీలు జంతువుల వేటగాళ్ళ పడవ ఒకటి అటుగా వచ్చి వాళ్ళను తీసుకుపోయింది. వెళ్ళేటప్పుడు ఫెన్విక్ చేతి తొడుగులు తొడుక్కొని, "మీ గురించి పైవాళ్ళకు రాస్తాను," అన్నాడు.

రాశాడు. జులైలో అదే వేటగాళ్ళ పడవ ఉత్తరం తెచ్చింది. ఓడ మునిగిన రాత్రి కెల్డన్ దీపం ఆరిపోయి ఉందని కెప్టెన్ ఫిర్యాదు చేశాడు. దాని మీద పోర్ట్ ఎల్విన్‌లో విచారణ. కాపలాదారు హాజరై, తనను ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పుకోవాలి.

ఎనోక్ ఆ కాగితాన్ని ఎడమ చేత్తో పట్టుకొని రెండుసార్లు చదివాడు. కుడి చెయ్యి ఇంకా చీము పట్టి, జ్వరం వచ్చిపోతోంది.

"నే వెళ్తా," అంది కెజియా.

"వాళ్ళతో పెట్టుకోకే. పెద్దవాళ్ళు."

"పెద్దవాళ్ళా? తొమ్మిది రోజులు వాడి గుడ్డలుతికాను. వాడెంత పెద్దవాడో నాకు తెలుసు."

వేటగాళ్ళ పడవలో నాలుగు రోజులు ప్రయాణం చేసి పోర్ట్ ఎల్విన్ చేరింది. రేవు పక్కన డోర్కస్ అనే ముసలావిడ నడిపే బసలో దిగింది. డోర్కస్‌కు ఊరి కబుర్లన్నీ నాలుక చివర ఉంటాయి.

"కెల్డన్ నుంచా? అయ్యో, ఆ ఓడ పోయిన చోటేగా! పత్రికలో ఎంత బాగా రాశారమ్మా, చదువుతుంటే నాకు ఏడుపాగలేదు. ఉండు తెస్తా."

తెచ్చింది. పత్రిక మొదటి పేజీ నిండా అదే. 'లేడీ అరబెల్లా ఉజ్జ్వల చరిత్ర, ఆ ఓడ ఆఖరి కెప్టెన్ స్వహస్తాలతో.' కెజియా కిటికీ దగ్గర కూర్చొని మొత్తం చదివింది. పద్నాలుగేళ్ళ చరిత్రలో ఎన్ని విందులు జరిగాయో, ఎందరు ప్రభువులు ఆ ఓడ మీద కాలు పెట్టారో రాశాడు. కట్టిన ఖైదీల మాట లేదు. మోసుకెళ్ళిన ఖైదీల మాట ఒక్క ముక్కలో ఉంది, గొర్రెల లెక్కకు ముందు. చివర్లో ఓడ మునక. ఆ భాగం దగ్గరకొచ్చాక కెజియా చదవడం ఆపి, ఆ వాక్యం మళ్ళీ చదివింది. మూడోసారి చదివి నవ్వింది.

"ఏంటమ్మా, ఏడవాల్సిన చోట నవ్వుతున్నావు?" అంది డోర్కస్.

"ఈ కాగితం నాకిస్తావా అవ్వా?"

విచారణ ఓ పాత గోదాము మేడ మీద జరిగింది. ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. మధ్యలో ముసలి మేజిస్ట్రేటు, ఒక పక్క సైనికాధికారి, ఇంకో పక్క ఉన్ని వ్యాపారి. గోడ వారగా లేడీ అరబెల్లా నావికులు నిలబడ్డారు. కొత్త ఓడ మీద పని కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. కెజియా దుంపలు తిన్న నోళ్ళన్నీ మూసుకొని ఉన్నాయి. జేబెజ్ ఆమెను చూసి తల తిప్పుకున్నాడు.

ఫెన్విక్ చేతి తొడుగులు విప్పి ఒళ్ళో పెట్టుకొని సాక్ష్యం చెప్పాడు. "కటిక చీకటి. దీవి ఎటుందో తెలియలేదు. ఆ రాత్రంతా నాకు కెల్డన్ దీపం కనబడనే లేదు. కాపలాదారు నిద్రపోయి ఉంటాడు, లేకపోతే తాగి ఉంటాడు."

"కాపలాదారేడి?" అన్నాడు మేజిస్ట్రేటు.

"దీపం దగ్గరున్నాడండీ. ఇద్దరం వచ్చేస్తే దీపం ఎవరు పెడతారు? నేనాయన భార్యను," అంది కెజియా. "ఒక్కటడగొచ్చా అండీ?"

సైనికాధికారి విసుగ్గా గడియారం చూసుకున్నాడు. మేజిస్ట్రేటు తలూపాడు.

కెజియా పత్రిక మడత విప్పింది. "కెప్టెన్ గారూ, ఈ ఓడ చరిత్ర మీరు రాసిందేనా?"

ఫెన్విక్ మొహం వికసించింది. "నేనే."

"ఇంకెవరైనా ఒకటీ అరా మాటలు కలిపారా?"

"అక్షరం కూడా లేదు. నా సొంత చేతి రాత."

"బాగా రాశారండీ. మా బస అవ్వ ఏడిచింది కూడా. ఇదొక్కటి వినండి." ఆమె కాగితం కళ్ళకు దగ్గరగా పట్టుకొని, బడిపిల్లలా విడివిడిగా చదివింది. "'మృత్యువు నోరు తెరిచిన ఆ కాళరాత్రి, దూరాన కెల్డన్ దీపం ఒక్కటే నక్షత్రంలా వెలుగుతుండగా, దాని మీదే చూపు నిలిపి, రెండు గంటల పాటు నా చిన్న పడవను అలల మధ్య నడిపి రేవు చేర్చాను.'"

గదిలో ఎవరో దగ్గారు.

"మీ ఓడకు కనబడని దీపం మీ పడవకెలా కనబడిందండీ?"

ఫెన్విక్ ఒళ్ళోని చేతి తొడుగులు సర్దుకున్నాడు. "అది... అది అలంకారం. రచనలో అలా రాస్తారు."

"అలాగా. మరి రేవుకు దేన్ని చూసి వచ్చారు? అలంకారాన్ని చూసా?"

వెనక నిలబడ్డ జనంలో నవ్వు పుట్టి గోడల దాకా పాకింది. ఉన్ని వ్యాపారి కూడా బుగ్గలు బిగబట్టుకున్నాడు. ఆ నవ్వుతో ధైర్యం వచ్చిందేమో, జేబెజ్ ముందుకొచ్చాడు. "అయ్యగారూ, దీపం వెలుగుతూనే ఉంది. ఓడ తగలకముందు గంట నుంచీ అందరం చూశాం. ఆ దారిన వద్దని నేను చెప్పాను కూడా."

అతను కెజియా వైపు చూశాడు, మెచ్చుకుంటుందేమోనని.

"తొమ్మిది రోజులు నా చేతి కూడు తిన్నావు జేబెజ్," అంది ఆమె. "మా ఆయన వేళ్ళు నువ్వే కోశావు. జనం నవ్వేదాకా నీకా దీపం గుర్తుకు రాలేదు. పో, నీ చోట నువ్వు నిలబడు."

జేబెజ్ వెళ్ళి గోడకు ఆనుకున్నాడు.

మూడు రోజుల తర్వాత తీర్పు చదివారు. దీపం వెలుగుతున్నదని రుజువైంది. ఓడ మునగడానికి కారణం ఎవరూ ఊహించని సముద్ర ప్రవాహం. కెప్టెన్ ఫెన్విక్ అనుభవాన్ని దృష్టిలో పెట్టుకొని కొత్తగా కొన్న సర్కారు ఓడను ఆయనకే అప్పగిస్తున్నారు. దానికి కొత్త గవర్నరు గారి భార్య పేరు పెట్టారు. ఇక కాపలాదారు ఎనోక్ థాకర్ విషయం: ఆ రాత్రి అనుమతి లేకుండా దీపం వదిలి పడవలో వెళ్ళినందుకు, దీపాన్ని ఉద్యోగి కాని ఒక స్త్రీకి అప్పగించినందుకు మందలింపు. చేతి గాయానికి పరిహారం కుదరదు, ఎందుకంటే గాయం తగిలినప్పుడు అతను తన విధిలో లేడు.

కెజియా నిలబడి మొత్తం వింది. చదివిన గుమాస్తా కాగితం చుట్టుకుంటుంటే దగ్గరకెళ్ళింది.

"బాబూ, ఆ పదకొండు మందినీ మళ్ళీ రాళ్ళ దగ్గర వదిలేసి రమ్మంటారా? అడిగి చెప్పు. జేబెజ్ ఇక్కడే ఉన్నాడు, వాడితో మొదలుపెడతాం."

గుమాస్తా బిత్తరపోయి పెద్దల వైపు చూశాడు. మేజిస్ట్రేటు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

మెట్ల దగ్గర ఫెన్విక్ ఎదురయ్యాడు. అతను సిగ్గుపడి ఉంటాడని ఆమె అనుకోలేదు, అతను సిగ్గుపడనూ లేదు. "వచ్చే వారం కొత్త ఓడ మీ దీవి మీదుగానే పోతుంది. కావాలంటే ఎక్కొచ్చు. నాకు మనసులో ఏమీ లేదు."

"ఆ సంగతి నాకెప్పుడో తెలుసండీ," అంది కెజియా. "తలలో కూడా లేదు. మీరు నడిపే ఓడ ఎక్కమంటారా? మా టోబియాస్ ఈదుకుంటూ వచ్చి తీసుకెళ్తానన్నా వాడితోనే పోతాను."

సీలు వేటగాళ్ళ కోసం ఎనిమిది రోజులు ఆగింది. ఆ ఎనిమిది రోజులూ డోర్కస్ ఆమె దగ్గర బస అద్దె తీసుకోలేదు. వచ్చినవాళ్ళకల్లా ఆ అలంకారం కథ చెప్పుకుంటూ, ప్రతిసారీ కెప్టెన్ మొహాన్ని ఇంకాస్త ఎర్రగా చేసుకుంటూ పోయింది.

దీవి రేవులో పడవ ఆగినప్పుడు ఎనోక్ రాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు గాని చెయ్యి మానింది. గుట్ట ఎక్కుతూ దారిలో అడిగాడు.

"ఏమన్నారే?"

"దీపం వెలిగిందన్నారు."

"అది మనకు తెలుసుగా."

"ఇప్పుడు వాళ్ళకూ తెలుసు. నువ్వు మాత్రం దాన్ని వదిలి పోకూడదట. మందలించారు."

ఎనోక్ నాలుగడుగులు నడిచాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి కదా, ఆ నాలుగడుగుల్లో ఏదో వెతుక్కున్నాడు. చివరికి, "వాళ్ళ మొహం," అన్నాడు.

కెజియా ఆగిపోయి మొగుడి మొహంలోకి చూసింది. పదిహేనేళ్ళ కాపురంలో అతని నోట సర్కారు గురించి అలాంటి మాట వినడం అదే మొదలు. ఆమె మనసు నిండిపోయింది. మూడు వేళ్ళు లేని ఆ చెయ్యి తీసుకొని తన భుజం మీద వేసుకొంది.

సెప్టెంబరులో కొత్త ఓడ వచ్చింది. తూర్పు నుంచి, చుట్టు తిరిగి, చెప్పిన వారంలోనే. కెప్టెన్ దిగలేదు, పడవలను పంపించాడు. రేవు రాళ్ళ మీద కెజియా చేతులు కట్టుకొని నిలబడింది. పీపాలు దించుతుంటే టోబియాస్ ఒక్కొక్క దాన్నీ పిడికిలితో తట్టి, నిండుగా ఉందా లేదా విని, అప్పుడు దొర్లించాడు. ఇరవై తొమ్మిది వచ్చాయి.

"ఇంకోటి," అంది కెజియా.

"చోటు సరిపోలేదండీ..." అని మొదలుపెట్టాడు పడవలోవాడు.

ఆమె అతన్నే చూస్తూ నిలబడింది. అతను ఓడ వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. తర్వాత తెడ్డు తీసుకొని వెనక్కు వెళ్ళి, ముప్ఫయ్యోది తెచ్చాడు.